స్టేషన్లో ఆకూవక్క

“అడిగితే ఇచ్చేసినావా?”

తిప్పేష్ గొంతు వీధి దాకా వినిపించింది. స్టవ్ మీద పాలు పొంగడానికొస్తున్నా చూడకుండా ఈశ్వరి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె కుడిచెయ్యి ఇంకా ఫోను పట్టుకున్నట్టే వంగి ఉంది.

“పోలీసాయప్ప ఇమ్మంటే ఇయ్యకుండా యట్లుంటా?”

“ఏ కేసు కిందని అడగల్సింది కదా?”

“నువ్వూ ఈడే ఉంటివి కదప్పా. నువ్వడిగినావా?”

తిప్పేష్ అడగలేదు. కానిస్టేబుల్ అతావుల్లా మోటారు సైకిలు దిగి గడపలో నిలబడి, “సార్ తెమ్మన్నాడన్నా. ఫోను నేను తీసుకపోతా. మీ ఇంటామెను పదకొండు గంటలకు నువ్వు తోడుకోని రా” అన్నప్పుడు తిప్పేష్ చేసిన పని ఒక్కటే, కుర్చీ తుడిచి వేయడం. అతావుల్లా కూర్చోలేదు. పక్క ఊరివాడు, తెలిసిన మనిషి, ఈ వీధిన ఎప్పుడు పోయినా మజ్జిగ అడిగి తాగేవాడు. ఈ రోజు నీళ్లు కూడా వద్దన్నాడు. పోలీసు తిడితే ఇంత భయం వేసేది కాదు, నీళ్లు వద్దన్నందుకే ఇంటిల్లిపాదీ బెదిరిపోయారు.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఎవరూ కదల్లేదు.

ఇంతా చేసి ఆదివారం నాడు ఈశ్వరి పెట్టింది ఓ చిన్న వీడియో. ఎండిపోయిన చీనీ బత్తాయి చెట్టు పక్కన నిలబడి మాట్లాడింది. ఎవరినీ తిట్టలేదు, ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. “సేద్యానికి ఉచిత కరెంటు ఆపేయండి. మోటర్లకు మీటర్లు పెట్టండి. మూడేండ్లు మన మండలంలోకి ఒక్క బోరుబండిని గూడా రానీవద్దండి. ల్యాకుంటే మన పిల్లోల్లకు తాగను గూడా నీళ్లుండవు” అంది. అంతే.

ఉచిత కరెంటు వద్దని రైతు ఇంటి కోడలే అనేసరికి ఊరు ఊరంతా నోరు వెళ్లబెట్టింది. మొదట నవ్వారు. తర్వాత తిట్టారు. తిట్టినవాళ్లే తలా పదిమందికి పంపారు. వాళ్లలో చాలామంది మోటర్లకు ఆటో స్టార్టర్లు బిగించుకుని, బోర్లో నీళ్లున్నా లేకున్నా కరెంటు వచ్చినంత సేపూ తిప్పేవాళ్లే. ఉన్నమాటంటే ఉలుకెక్కువని పెద్దలు ఊరికే అనలేదు. ఉలికితే ఉలికారు, కానీ పోలీసులొస్తారని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

“మన మోటరు గూడా ఆ కరెంటుతోనే తిరగతాండాది కదే! ఆ మాత్రం తలకాయ ల్యాకపాయనా నీకు?”

“తిరగతాండాది కాబట్టే చెప్పినా. తిరగతాండాది సరే, నీళ్లు యాడ వస్తాండాయి? గాలి వస్తాండాది.”

“మనకు గాలొస్తే మన ఏడుపు మనం ఏడ్వల్ల. ఊర్లోవాళ్లందరికీ మీటర్లు పెట్టమని నిన్నెవురడిగినారు?”

“ఎవురూ అడగకుంటే మాట్లాడగూడదా? నువ్వు టీ కొట్టు కాడ కుచ్చోని రోజూ గవర్మెంటును నడిపిస్తావు కదా, నిన్నెవురు అడిగినారు?”

“నేను కొట్టు కాడ చెప్తే గాలికి పోతాది. నువ్వు ఫోన్లో చెప్తే స్టేషన్‌కు పోయింది. అదీ తేడా!”

ఈశ్వరి డిగ్రీ చదివిన పిల్ల, కంబదూరులో పుట్టింటి వాళ్లది కూడా మెట్టసేద్యమే, చిన్నప్పటి నుంచి బోర్ల పాట్లు చూస్తూ పెరిగింది. చట్టం తప్పితే కదా పోలీసులు రావాలి అనుకునేది నిన్నటిదాకా. ఆ ధైర్యం ఈ ఉదయం ఫోనుతో పాటు పోయింది.

అప్పుడే అత్త హనుమంతమ్మ వీధిలో నుంచి వచ్చింది. అతావుల్లా బండి వెనకే సందు మలుపు దాకా పరుగెత్తి పోయిన మనిషి ఆమె. రొప్పుతూ వచ్చి గడప మీద ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడిపోయింది.

“ఏమ్మా? ఏమన్నాడు?” అన్నాడు తిప్పేష్.

ఆమె కొడుకును చూడలేదు, కోడలినీ చూడలేదు. అరుగు మీద కూర్చున్న మొగుడి వైపు చూసింది.

“కంప్లైంటు ఇచ్చినోడెవురో చెప్పినాడు.”

తిప్పయ్య తలెత్తాడు.

“మన బీగుడే.”

తిప్పేష్ ఒక్కసారిగా నవ్వాడు. నమ్మలేనప్పుడు వచ్చే పిచ్చి నవ్వు అది. “గంగాధరప్ప మామనా? మన సరళ మామనా? అతావుల్లాకు పొద్దున్నే బుర్ర తిరిగిందేమో!”

“వాని తల మీద ఒట్టేసి చెప్పినాడ్రా. నిన్న సాయంత్రం ఆయప్పే స్వయంగా పోయి ఇచ్చినాడంట. రైతుల్లో రైతులకు కొట్లాట పెడతాండాదని.”

వియ్యంకుడు! కూతురు సరళను ఇచ్చిన ఇల్లు! మొన్న బుధవారమే వచ్చి, ఇదే అరుగు మీద కూర్చుని, ఈశ్వరి పెట్టిన ఉగ్గాని తిని, “పాప చేతి వంట బాగుండాది బావా” అని మెచ్చుకుని పోయిన మనిషి. కంచే చేను మేస్తే ఎవరికని చెప్పుకోవాలి?

గంగాధరప్పకు బోరుబండి ఉంది. మూడేళ్లు మండలంలోకి బండి రాకూడదన్న మాట ఆయనకు ఎక్కడ తగిలిందో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. అయినా ఫోన్ చేసి నాలుగు తిట్టవచ్చు. ఇంటికొచ్చి అరవవచ్చు. వియ్యంకుల మధ్యకు పోలీసు ఎలా వచ్చాడన్నదే ఎవరికీ మింగుడు పడలేదు.

“వచ్చే ఆదివారం సరళను కానుపుకు తోడుకోని రావాల” అంది హనుమంతమ్మ. “తొలి కానుపు. పంపిస్తారో పంపీరో!” ఆ వెంటనే కోడలి మీద పడింది. “ఊరకున్నంత ఉత్తమం లేదని ఎన్నితూర్లు చెప్పినానే! నీ బిడ్డ కాదు, నీ కానుపు కాదు. నా బిడ్డ బతుకు మీదికి తెచ్చినావు.”

“అత్తా, నేను సరళక్క పేరు ఎత్తినానా? ఆ మామ పేరు ఎత్తినానా?”

“బోరుబండి అన్నావు కదే!”

“బోరుబండి వచ్చినప్పుడల్లా నీ మెడలో నగ ఒకటి పోయిందని నువ్వే కదా చెప్తివి? నువ్వు నాకు చెప్తే మాట, నేను నలుగురికి చెప్తే తప్పా?”

హనుమంతమ్మ చెయ్యి తనకు తెలియకుండానే బోసి మెడ మీదికి పోయింది. కోడలు చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది” అని గొణుగుతూ స్టవ్ దగ్గరికి పోయి, పాలు పొంగిన గిన్నెను ధడేల్మని కింద పెట్టింది.

తిప్పయ్య మాట్లాడకపోతే ఆ ఇంట్లో ఏదీ తెగదు. ఆ ఇంట్లోనే కాదు, ఊళ్లో కూడా అంతే. గట్టు తగాదా కానీ, మేక చేలో పడిన గొడవ కానీ, అన్నదమ్ముల పంపకం కానీ, తిప్పయ్య వచ్చి కూర్చుంటే తప్ప రాజీ అయ్యేది కాదు. ఆయన లేచి లోపలికి పోయి, దేవుని గూట్లో నుంచి తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు తీశాడు. జంటగా అతికి పుట్టిన కవలాకు ఏరి, మీద నిండు వక్క పెట్టుకున్నాడు.

ఈశ్వరికి అర్థమైంది. ఈ ఊరికి కోడలుగా వచ్చిన కొత్తలో అది చూసి ఆశ్చర్యపోయింది కూడా. రెండిళ్ల మధ్య మాట చెడితే, ఒక ఇంటి పెద్ద ఆకూవక్క అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాచి “మా ఇంటి తప్పు” అంటాడు. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. అవతలి పెద్ద ఆ ఆకు అందుకుని “మా ఇంటిది గూడా” అంటాడు. ఆకును చెరిసగం చేసి నమిలితే గొడవ అంతటితో చచ్చిపోతుంది. మళ్లీ దాన్ని ఎత్తినవాడికి ఊళ్లో విలువ ఉండదు.

“మామా, అది ఊర్లో. స్టేషన్లో కాదు” అంది.

“మనుషులు వాళ్లే కదమ్మా.”

“నేను తప్పు చేయలేదు మామా. నువ్వు ఆ మాట అనొద్దు.”

“తప్పు చేసినావని నేననలేదు. ముందు ఒకరు అంటే కదా రెండో వాళ్లు అనేది? ఎవురో ఒకరు ముందు వంగల్ల. పెద్దోన్ని, నేను వంగుతా. నీ మాట యాడికీ పోదు.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “గంగాధరప్ప నా ఆకు కాదనడు. పద.”

ఆయన గొంతులో అంత నమ్మకం ఉంది. ఆ నమ్మకమే ఈశ్వరిని భయపెట్టింది. అయినా ఎదురు చెప్పలేకపోయింది.

స్టేషన్లో గంగాధరప్ప అప్పటికే ఎస్సై టేబుల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. వీళ్లను చూడగానే లేచి పలకరించాడు. “రా బావా, కుచ్చో. ఎండలో వస్తిరే” అని కుర్చీ జరిపాడు. పెళ్లికి వచ్చినవాళ్లను ఆహ్వానించినట్టే ఉంది. తిట్టి ఉంటే ఈశ్వరి తట్టుకునేదేమో.

ఎస్సై కిరణ్ కోస్తా జిల్లాల నుంచి ఈ మధ్యనే బదిలీ మీద వచ్చినవాడు. వయసు చిన్నది, మాట మెత్తన. టేబుల్ మీద ఈశ్వరి ఫోను బోర్లా పెట్టి ఉంది.

“కూర్చోండమ్మా. భయపడకండి. కేసేమీ లేదు.”

“కేసు లేకుంటే నా ఫోను యాల తీసుకున్నారు సార్?”

“చూద్దామని. ఇచ్చేస్తాం.” చిరునవ్వు నవ్వాడు. “వీడియో నేనూ చూశాను. చక్కగా మాట్లాడారు. నిజం చెప్పాలంటే మీరన్నదాంట్లో పాయింటుంది కూడా.”

“అయితే నేనేం తప్పు చేసినా సార్?”

“తప్పు చేశారని నేను అనట్లేదమ్మా.”

“తప్పు చేయనప్పుడు యాల పిలిపిచ్చినారు?”

“చేయకుండా ఉండటానికి.”

అంత తేలికగా అన్నాడు ఆ మాట. మందు రాసిచ్చే డాక్టరు పథ్యం చెప్పినట్టు అన్నాడు. ఈశ్వరి నిర్ఘాంతపోయి చూసింది. ఇంతకాలం నేరం చేస్తే పోలీసు పిలుస్తాడనుకుంది. చేయనివాళ్లను పిలవడానికి కూడా ఒక పద్ధతి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

“మీ అభిప్రాయం మీది” అన్నాడు ఎస్సై. “కాదనే హక్కు నాకు లేదు. కానీ రేపు ఊళ్లో ఎవడో మీ మోటారు వైర్లు కోస్తాడు. మీవాళ్లు ఊరుకోరు. తలలు పగుల్తాయి. అప్పుడు నన్నడుగుతారు. అందుకే వీడియో తీసేసి, ఇకపై ఇలాంటివి పెట్టనని ఒక్క సంతకం పెట్టి వెళ్లిపోండి.”

“వైర్లు కోసేవాన్ని పిలిపిచ్చి సంతకం పెట్టించుకోండి సార్. కోయనని.”

తిప్పేష్ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు.

“పాపా, నీ మీద నాకేం కోపం లేదు. నా బండిని నమ్ముకోని ఎన్నిండ్లు బతకతాండాయో నీకు తెలుసునా? మూడేండ్లు బండిని షెడ్లో నిలబెట్టి పూజ చేసుకోమంటావా?”

“ఆ మాట మా ఇంటికొచ్చి అడగల్సింది మామా. మొన్న వచ్చినావు కదా. అడిగింటే నేనూ చెప్పింటి. వీడియో కింద తిట్టు రాసినా సరిపోయేది. స్టేషన్‌కు యాల వచ్చినావు?”

ఎస్సై కాగితం ఈశ్వరి ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. తిప్పయ్య లేచి నిలబడ్డాడు.

ఆయన ఎస్సైని చూడలేదు. వియ్యంకుడి ఎదుటికి పోయి కుడి అరచెయ్యి చాచాడు. చేతిలో ఆకూవక్క.

“మా ఇంటి తప్పు, గంగాధరప్పా.”

తిప్పేష్ తేలికపడి గాలి వదిలాడు. మూలన రాసుకుంటున్న అతావుల్లా కూడా పెన్ను పెట్టేసి చిన్నగా నవ్వాడు. ఇక అయిపోయినట్టే. అవతలి మాట రావడమే తరువాయి.

రాలేదు.

గంగాధరప్ప ఆ చేతిని చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. ఆయనకు తెలియని పద్ధతి కాదు. సరళ పెళ్లిలో భోజనాల దగ్గర మాట తేడా వస్తే, ఇదే చెయ్యి చాచిన ఆకును ఇదే గంగాధరప్ప కళ్లకద్దుకుని అందుకున్నాడు. “మా ఇంటిది గూడా బావా” అని అందరికంటే గట్టిగా అన్నాడు. ఈ రోజు ఆయన నోటికి ఏమొచ్చిందో!

“చూశారా, పెద్దాయనే ఒప్పుకున్నారు” అన్నాడు ఎస్సై, భారం దిగినట్టు. “రాయి అతావుల్లా. ఇంటి పెద్ద అందరి ఎదుట తప్పు ఒప్పుకున్నాడని.”

“సార్, అది అట్ల కాదు సార్. మా పక్క రాజీకి ఇట్లే అంటారు. ఇప్పుడు ఆయప్ప గూడా అనల్ల. రెండూ అంటేనే…” అన్నాడు అతావుల్లా.

“ఏమండీ గంగాధరప్పగారూ, మీరేమైనా అనాలా?”

అందరూ గంగాధరప్పనే చూశారు. ఒక్క మాట చాలు. ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

“నేను అనేదేముంది సార్? ఆయప్పే చెప్పినాడు కదా.”

తిప్పయ్య చెయ్యి చాచే ఉంది. ఎన్నో ఇళ్ల తగవులు తీర్చిన చెయ్యి, ఒక్కనాడూ ఎవరి ముందూ ఇంతసేపు ఆకుతో నిలబడిపోలేదు. ఆయన ముఖంలో కోపం లేదు. బావిలోకి చేద వేస్తే నీళ్లకు బదులు రాయి తగిలినవాడిలా అయోమయంగా చూస్తున్నాడు.

“చూడండమ్మా” అన్నాడు ఎస్సై ఈశ్వరితో. ఇప్పుడు గొంతులో మెత్తదనం కొంచెం తగ్గింది. “ఇందాక కేసు లేదన్నాను. ఇప్పుడు మీ ఇంటి పెద్దే ఒప్పుకున్నాక, ఫిర్యాదుదారు పట్టుబడితే నేను రాయక తప్పదు. సంతకం పెడితే ఇక్కడితో అయిపోతుంది. లేదా, మీ మామగారు చెప్పింది అబద్ధమని మీరే చెప్పండి.”

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఈశ్వరికి ఆ క్షణంలో తెలిసింది. ఊరంతటికీ పెద్దమనిషైన మామ మాటను స్టేషన్లో నిలబడి తనే అబద్ధం అనాలా? లేక తన మాటను తనే మింగాలా? ఏ మాట? నీళ్లుండవు అన్న మాట. నిజమైన మాట.

తిప్పేష్ ఆమె చెవి దగ్గర గొణిగాడు. “నాయన చెయ్యి చూడు ఈశ్వరీ. పెట్టెయ్. నీకు మొక్కుతా, పెట్టెయ్.”

ఆమె చూసింది. చాచిన ఆకును అవతలివాళ్లు అందుకోకపోతే, పెద్దలు ఒక పూటంతా అయినా అలాగే నిలబడేవాళ్లట. ఎందుకంటే చాచినవాడు తన ఆకు తనే నమిలితే ఇక ఆ రెండిళ్లకూ తెగిపోయినట్టే. చావుకు పోరు, పుట్టుకకు పోరు, ఆ ఇంటి గడప ఈ ఇంటివాళ్లు తొక్కరు. తిప్పయ్య తన జీవితంలో ఎవరినీ ఆ పని చేయనివ్వలేదు. అది చేయబోయిన వాళ్ల చేతులు పట్టుకుని ఆపిన మనిషి.

“పెడతా సార్” అంది ఈశ్వరి. “మా మామను కుచ్చోమనండి. సంతకం పెడతా.”

పెన్ను అందుకుంది. కళ్లలో నీళ్లు నిండి కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి. ఎక్కడ పెట్టాలో ఎస్సై వేలితో చూపించాడు.

“వొద్దమ్మా.”

తిప్పయ్య గొంతు అది. ఆయన ఇప్పుడు గంగాధరప్పను చూడటం లేదు. కోడలి చేతిలోని పెన్నును చూస్తున్నాడు.

“నీ మాట యాడికీ పోదని నేను చెప్పినా కదా.”

“మామా, సరళక్క…”

“సామీ” అన్నాడు ఆయన ఎస్సై వైపు తిరిగి, “రాసిండేది కొట్టెయ్. మా ఇంట్లో తప్పు లేదు.”

ఈశ్వరి కుర్చీ తోసుకుని లేచింది. తిప్పేష్ “నాయనా!” అని అరిచాడు. అతావుల్లా టేబుల్ చుట్టూ తిరిగి రాబోయాడు. ఎవరి చెయ్యీ అందలేదు. తిప్పయ్య ఆకును వక్కతో సహా మడిచి తన నోట్లో పెట్టుకున్నాడు. నింపాదిగా నమలసాగాడు. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి, దవడలు మాత్రం ఆగలేదు.

ఎస్సైకి ఏం జరిగిందో తెలియలేదు. ఒక ముసలాయన వక్కాకు వేసుకున్నాడు, అంతే. “స్టేషన్లో ఉమ్మకండి పెద్దాయనా” అన్నాడు.

గంగాధరప్ప మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. సంబంధం కలుపుకున్నప్పటి నుంచి బావా అని తప్ప పిలవని మనిషి, ఇవాళ పేరు పెట్టి పిలిచాడు.

“తిప్పయ్యా! నీ బిడ్డ ఆదివారం వస్తానని బట్టలు గూడా సదురుకోని ఉండాది. ఇంగ పుట్టింటి గడప తొక్కగూడదని ఆ బిడ్డకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

తిప్పయ్య నోటినిండా ఆకు ఉంది.